పిల్లికూన గడప దాటే వేళ

పిల్లి తన పిల్లలను ఏడిళ్ళు తిప్పుతుందని పెద్దలు చెబుతారు. నిలకడ లేని మనిషిని గురించీ, తరచూ ఇల్లు మార్చే సంసారాన్ని గురించీ ఈ సామెతను చమత్కారంగా వాడడం కద్దు. బదిలీ ఉత్తర్వులకు అలవాటుపడిన ప్రభుత్వ రంగ సంస్థల కుటుంబాలకు ఇది మరికొంత చేరువగా తోస్తుంది. కాని తల్లిపిల్లి చేసే ఈ పనిలో చపలత్వం ఇసుమంతైనా లేదు. ఒక చోట అలికిడి ఎక్కువైతే, గండుపిల్లి జాడ కనబడితే, గూడు తడిస్తే, అది కూనలను ఒక్కొక్కటిగా నోట కరచుకొని మరో చోటికి చేరుస్తుంది. అవి కాస్త ఎదిగిన తరువాత వెంటబెట్టుకొని కొద్దికొద్ది దూరం తిప్పుతుంది. ఎక్కడ దాగవచ్చునో, ఎటు నుండి ముప్పు రాగలదో, ఏ దారిన తిరిగి రావాలో కూన ఆ నడకలలోనే నేర్చుకుంటుంది.

మన క్వార్టర్లకు చేరే కూనలలో పెక్కింటికి ఈ శిక్షణ లభించదు. వానాకాలంలో సైకిల్ షెడ్డులోనో, పాత చెక్కపెట్టెల మధ్యనో తల్లి లేక అరుస్తూ ఉన్న కూనను మన పిల్లలు చొక్కాలో చుట్టి ఇంటికి తెస్తారు. రెండు నెలలు ఇంట పెరిగాక అది వాకిలి వద్ద కూర్చొని బయటకు చూడడం మొదలుపెడుతుంది. పిట్ట వాలితే మెడ సాచుతుంది; ఆకు రాలితే మీసాలు కదుపుతుంది. తలుపు ఎప్పుడు తీయాలి, ఎలా తీయాలి అన్న ప్రశ్న అప్పుడు పుడుతుంది.

విశిష్టాద్వైత సంప్రదాయంలో రెండు కిశోర న్యాయాలు ప్రసిద్ధం. మర్కట కిశోర న్యాయంలో కోతిపిల్ల తానే తల్లి పొట్టను గట్టిగా పట్టుకొని ఉంటుంది. మార్జాల కిశోర న్యాయంలో పిల్లికూన ఏ ప్రయత్నమూ చేయదు, భారమంతా తల్లిదే. భగవంతునికీ శరణాగతునికీ గల సంబంధాన్ని వివరించేందుకు పుట్టిన ఈ ఉపమానం మన ఇంటి కూన విషయంలో అక్షరాలా వర్తిస్తుంది. "పిల్లి కదా, దాని జాగ్రత్త అదే పడుతుంది" అనుకోవడం సరి కాదు. తొలి నడక భారమంతా మనదే.

మా వరుసలోని ఒక ఇంట కొన్నేళ్ళ క్రితం మూడు నెలల కూన ఉండేది. ఒక సెలవు దినాన పిల్లలందరూ చేరి సంబరంగా దానిని వాకిట్లో వదిలారు. ఎదురింట ప్రెషర్ కుక్కర్ కూత వేసింది. కూన రెప్పపాటులో రోడ్డు దాటి వాననీటి కాలువ తూములోకి దూరింది. ఆ ఇంటి పాప నాలుగు రోజులపాటు సాయంత్రం వేళ తూము వద్ద గిన్నెతో నిలబడేది. కూన తిరిగి రాలేదు. అక్కడ ఎవరి నిర్దయా లేదు. కూనకు పోవడం తెలిసింది. రావడం ఎవరూ నేర్పలేదు. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ఇదొక్కటే: రాక నేర్పిన తరువాతే పోక.

ఏ వయస్సులో?

కూనలు పుట్టిన వారం, పది రోజులకు కళ్ళు తెరుస్తాయి. రెండవ వారం మొదలు సుమారు ఏడవ వారం వరకు గల కాలం వాటి స్వభావ నిర్మాణానికి కీలకం. ఈ దశలో పరిచయమైన మనుషులనూ, శబ్దాలనూ అవి జీవితాంతం నిర్భయంగా స్వీకరిస్తాయి. కాబట్టి బయటి లోకపు పరిచయం ఇంటి లోపలే ఆరంభం కావాలి. కుక్కర్ కూత, స్కూటర్ చప్పుడు, షిఫ్టు సైరన్ వంటి వాటిని మూసిన కిటికీ వెనుక నుండి, మన ఒడిలో కూర్చొని వినడానికి అది అలవాటుపడాలి. మనిషి చెవి 20,000 హెర్ట్జ్‌ల వద్ద ఆగిపోగా, పిల్లి చెవి 60,000 హెర్ట్జ్‌లకు పైబడిన ధ్వనులను సైతం గ్రహిస్తుంది. మనకు మామూలుగా తోచే మోటారు రొద దానికి మరో రకంగా వినిపిస్తుందని గుర్తుంచుకోవాలి.

నేల మీదకు దించడం మాత్రం టీకాల తరువాతి మాట. పాన్‌ల్యూకోపీనియా అనే ప్రాణాంతక వ్యాధిని కలిగించే వైరస్ మొండిది. పరిసరాలలో నెలల తరబడి, అనుకూల పరిస్థితులలో ఏడాది వరకు, నిలిచి ఉండగలదు. మన చెప్పులకు అంటుకొని ఇంటిలోకి సైతం రాగలదు. దీనితోపాటు రెండు శ్వాసకోశ వ్యాధుల నుండి రక్షించే సంయుక్త టీకాను ఆరు నుండి ఎనిమిది వారాల వయస్సులో ఆరంభించి, మూడు నాలుగు వారాల కొకసారి చొప్పున, 16 వారాలు నిండే వరకు ఇప్పించాలి. తల్లిపాల ద్వారా వచ్చిన రక్షక పదార్థాలు తొలి మోతాదులను కొంత నిష్ఫలం చేస్తాయి. అందువల్లనే చివరి మోతాదును ఎగవేయరాదు. రేబిస్ టీకా 12 వారాలు నిండిన తరువాత వేస్తారు. పశువైద్యుని సలహా మేరకు దానిని పునరావృతం చేయాలి. చివరి టీకా పడి రెండు వారాలు గడిచాక, అనగా దాదాపు నాలుగున్నర నెలల వయస్సులో, తొలి నడకకు కూన అర్హత పొందుతుంది.

కాపలా లేకుండా తిరగనివ్వడానికి ఇంకొక షరతు ఉంది. ఆడకూనలు కొన్ని నాలుగు నెలలకే ఎదకు వస్తాయి. గర్భధారణ కాలం తొమ్మిది వారాలు మాత్రమే. సంతాన నిరోధక శస్త్రచికిత్స జరగని పిల్లిని స్వేచ్ఛగా వదలడమంటే, మరుసటి వానాకాలానికి మరి నాలుగు అనాథ కూనలను సైకిల్ షెడ్డుకు పంపడమే. ఆ శస్త్రచికిత్సను ఐదు నెలల లోపు చేయించడం మేలని పలువురు పశువైద్యులు చెబుతారు.

స్థల తనిఖీ

కొత్త యంత్రానికి విద్యుత్తు ఇచ్చే ముందు మనం తనిఖీ పట్టిక చేతబట్టి చుట్టూ తిరుగుతాము. కూన విషయంలోనూ అదే పద్ధతి. ఐతే ఈ తనిఖీని నిలబడి చేస్తే ప్రయోజనం లేదు. పెరటిలో మోకాళ్ళపై కూర్చొని, నేలకు జానెడు ఎత్తు నుండి చూడాలి.

మొదట కంతలు. పిల్లి మెడ ఎముకలు మన ఎముకల వలె భుజానికి కీలుతో బిగిసి ఉండవు. కండరాలలో ఇమిడి ఉంటాయి. అందువల్ల తల పట్టిన సందులో ఒళ్ళంతా పడుతుంది. స్విచ్‌గేర్ ప్యానెల్‌లో కేబుల్ ప్రవేశించే రంధ్రాలను ఎలుకలూ, బల్లులూ చొరకుండా మూసినట్లే, గేటు కింది సందు, గోడలోని నీటి తూము, మెట్ల కింది ఖాళీ మూయాలి. నీటి సంపు మూత, సెప్టిక్ ట్యాంకు మూత, కాలువపై పలక సరిగా ఉన్నవో లేవో చూడాలి. తలుపు విరిగిన ఫీడర్ పిల్లర్ వీధిలో ఉంటే అది కూనకే కాదు, పాకే పసివానికీ ప్రమాదం. వెంటనే నిర్వహణ విభాగానికి తెలియజేయాలి.

రెండవది విషాలు. గన్నేరు, సైకస్ మొక్కలు ప్రమాదకరం. కుండీలలో దుంపలతో పెంచే లిలియం జాతి లిల్లీల పుప్పొడి ఒంటిపై రాలి, దానిని నాకినా పిల్లికి మూత్రపిండాలు చెడిపోతాయి. మన పూలదండలలోని లిల్లీ, అనగా రజనీగంధ, వేరు. ఈ రెండింటినీ ఒకటిగా భావించరాదు. ఎలుకల మందు పెట్టిన చోటులను ఇరుగుపొరుగు వారిని అడిగి తెలుసుకోవాలి. ఫినాయిల్‌తో కడిగిన వరండా ఆరకముందు కూనను దించరాదు. ఆ జాతి రసాయనాలను విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ; పాదాలను నాకడం దాని నిత్యకృత్యం. ఇదే కారణంగా, జ్వరానికి మనం వాడే పారాసిటమాల్ మాత్ర పిల్లికి ప్రాణాంతకం. గోమార్ల నివారణకు కుక్కలపై వేసే పెర్మెత్రిన్ మందు కూడా పిల్లికి పనికిరాదు.

మూడవది వాహనాలు. వానలోనూ, చలిలోనూ కూనలు వెచ్చదనానికి ఇంజను భాగంలోకి ఎక్కుతాయి. కారు స్టార్టు చేసే ముందు బానెట్‌పై రెండు సార్లు అరచేతితో తట్టడం వీధిలోని వారందరూ అలవరచుకోదగిన అలవాటు.

నాలుగవది ఎత్తు. "పిల్లి ఎంత ఎత్తు నుండి పడినా నాలుగు కాళ్ళపైనే వాలుతుంది" అన్న నమ్మకం అర్ధసత్యం. పిల్లి గాలిలో ఎలా తిరుగుతుందో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మారే 1894లో వరుస ఛాయాచిత్రాల ద్వారా చూపాడు. ఏ ఆధారమూ లేకుండా అది తిరగడం నాటి పండితులను విస్మయపరచింది. 1969లో కేన్, షేర్ అనే ఇరువురు దీనికి యాంత్రిక శాస్త్ర వివరణ ఇచ్చారు. పిల్లి తన ఒంటిని నడుము వద్ద వంచి, ముందు సగాన్నీ వెనుక సగాన్నీ వేర్వేరుగా తిప్పగలదు. మొత్తం కోణీయ ద్రవ్యవేగం శూన్యంగానే ఉన్నా, ఒంటి దిశ మారుతుంది. ఈ నేర్పు ఆరేడు వారాల కూనకే అబ్బుతుంది.

ఐతే దిశ మారినంత మాత్రాన వేగం తగ్గదు. తొమ్మిది మీటర్ల ఎత్తు గల బాల్కనీ నుండి పడే వస్తువు, గాలి నిరోధాన్ని విడిచి లెక్కిస్తే, సెకనుకు సుమారు 13 మీటర్ల వేగంతో నేలను తాకుతుంది. అది గంటకు 48 కిలోమీటర్ల వేగంతో సమానం. న్యూయార్క్ నగరంలో భవనాల పైనుండి పడి ఆసుపత్రికి చేరిన 132 పిల్లులపై 1987లో ఒక అధ్యయనం వెలువడింది. చికిత్స పొందిన వాటిలో దాదాపు 90 శాతం బ్రతికాయి. కాని ఛాతీకి, దవడకు, కాళ్ళకు తగిలిన దెబ్బలు అనేకం. పై అంతస్తులలోని వారు ముందుగా బాల్కనీకి, రెండున్నర సెంటీమీటర్లకు మించని కన్నులు గల గట్టి వలను అంచుల వెంట బిగించాలి. నిజానికి వల కట్టిన బాల్కనీలో ఒక మొక్క, ఒక చెక్కబల్ల, కాసింత ఎండ ఉంటే చాలు. పిల్లిని ఎన్నడూ రోడ్డు మీదకు పంపకపోవడమే ఉత్తమమని పలువురు పశువైద్యుల అభిప్రాయం. రద్దీ వీధులలో మేమూ దానినే సమర్థిస్తాము.

రాక నేర్పడం

మా ఇంట ఒక నల్లని కూన పెరిగింది. మిరియపు గింజ వలె ఉండడంతో పిల్లలు దానికి మిరియం అని పేరు పెట్టారు. దానికి రాక నేర్పడానికి మేము వాడిన పరికరాలు రెండే: ఒక స్టీలు డబ్బా మూత, ఒక చెంచా. భోజనానికి ముందు మూతపై చెంచాతో మూడు సార్లు తట్టి, పేరు పెట్టి పిలిచి, ఉప్పు వేయకుండా ఉడికించిన కోడిమాంసపు చిన్న ముక్క పెట్టేవారము. పాలు బహుమతిగా పనికిరావు. పాలు మాన్పించిన కూనలలో అనేకం ఆవుపాలను అరిగించుకోలేక విరేచనాల పాలవుతాయి. మాంసం ముట్టని ఇళ్ళలో అంగడిలో దొరికే పిల్లుల మేత గింజను వాడవచ్చు.

మొదటి వారం అదే గదిలో పిలిచాము. రెండవ వారం పక్క గది నుండి, తరువాత పడుకొని ఉన్నపుడు, ఆటలో మునిగి ఉన్నపుడు పిలిచాము. శబ్దం మారరాదు; ఇంటిల్లిపాదీ ఒకే తీరున తట్టాలి. పిలిచి తిట్టడం గాని, పిలిచి స్నానానికి పట్టుకుపోవడం గాని ఎన్నడూ చేయరాదు. అలా ఒక్కసారి జరిగినా ఆ పిలుపుపై నమ్మకం పోతుంది. పది పిలుపులకు తొమ్మిదింటికి తగ్గకుండా పరుగున రావాలన్నది మేము పెట్టుకున్న అంగీకార ప్రమాణం. అది నెరవేరేందుకు మూడు వారాలు పట్టింది.

ఇదే కాలంలో హార్నెస్ అలవాటు చేశాము. తాడును మెడకు కట్టరాదు. ఛాతీ చుట్టూ బిగిసే పట్టీ కావాలి. పట్టీకీ ఒంటికీ నడుమ మన రెండు వేళ్ళు మాత్రమే పట్టాలి. తొలి రోజులలో పట్టీ వేయగానే కూన పక్కకు ఒరిగి, కాళ్ళు పడిపోయిన దానివలె నటిస్తుంది. నవ్వక, లాగక, మేత చూపి నడిపిస్తే వారం రోజులలో అలవాటుపడుతుంది. చిరునామా రాసిన మెడపట్టీ వేయదలచినవారు, కొమ్మకు చిక్కుకొని బరువు పడితే దానంతట అదే ఊడే రకాన్ని ఎంచుకోవాలి. యంత్రాన్ని కాపాడేందుకు తాను విరిగే షియర్ పిన్ వంటిదే ఇది.

తొలి పది నిమిషాలు

తొలి నడకకు సూర్యోదయానంతరం, ఎండ ముదరకముందు గల వేళ అనుకూలం. మన వేసవిలో సిమెంటు నేల తొమ్మిది గంటలకే కాలుతుంది. దీపావళి ముందు వెనుక రోజులూ, గాలివాన సూచనలు గల రోజులూ పనికిరావు. కూనకు ఉదయపు మేత పెట్టకముందే బయలుదేరాలి. ఆకలి దానిని ఇంటివైపు లాగుతుంది. ఇంటి వెనుక తలుపు తెరిచే ఉంచాలి. కూనను ఎత్తుకుపోయి పెరటి నడుమ దించరాదు. అది పడుకునే బుట్టను గడప వద్ద పెట్టి, తాడు చేతబట్టుకొని మనం నేలపై కూర్చోవాలి. బయటకు రావాలా వద్దా అన్న నిర్ణయం దానిదే.

మొదటి రోజు మిరియం గడప మీదనే ఏడు నిమిషాలు కూర్చుంది. గాలిని వాసన చూసింది, చెవులను నలుదిక్కులా తిప్పింది, తిరిగి లోపలికి వెళ్ళిపోయింది. పిల్లలు నిరాశ చెందారు గాని, మా దృష్టిలో అది సఫలమైన ట్రయల్ రన్. మూడవ రోజు తులసికోట వరకు వెళ్ళింది. ప్రతి మూలనూ వాసన చూసి, చెంప రాసి వచ్చింది. పిల్లికి అదే సర్వే, అదే పటం. తోక నిటారుగా ఉంటే ధైర్యంగా ఉన్నట్లు. చెవులు వెనక్కు వాలి, పొట్ట నేలకు ఆని, తోక వెంట్రుకలు లేచినట్లైతే ఆ రోజుకు చాలు. తాడుతో లాగక, చెంచాతో పిలిచి లోపలికి తీసుకురావాలి.

ఐదవ రోజున చెత్త ట్రాక్టరు పెద్ద చప్పుడుతో వీధి మలుపు తిరిగింది. మిరియం ఎగిరిపడి పరుగు తీసింది. తూము వైపు కాదు, గోడ వైపు కాదు. సూటిగా గడప దగ్గరి బుట్టలోకి. మా చేతిలోని తాడు బిగియనే లేదు.

ఆ తరువాత వ్యవధిని ఐదేసి నిమిషాల చొప్పున పెంచాము. ఒకసారి ఒక మార్పే అన్నది మా నియమం. వ్యవధి పెంచిన రోజు కొత్త చోటు చూపలేదు. కొత్త చోటు చూపిన రోజు వ్యవధి పెంచలేదు. గ్రద్దలు తిరిగే వేళ పందిరి కిందనే ఉంచాము. ఎత్తుకోవలసి వస్తే ఒక చేయి ఛాతీ కింద, మరొకటి వెనుక కాళ్ళ కింద ఉంచాలి. తల్లిపిల్లి వలె మెడ తోలు పట్టి ఎత్తడం ఎదిగిన కూనకు బాధాకరం.

ఇంటివారి కోసం

కూన బయట తిరుగుతున్నదంటే ఇంటిలోనివారూ కొన్ని నియమాలు పాటించాలి. టీకా వేసిన పిల్లియైనా, వీధి జంతువైనా, కరచినా రక్కినా గాయాన్ని ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, జాప్యం లేకుండా వైద్యుని వద్దకు వెళ్ళాలి. పసుపు, కారం, సున్నం పూయరాదు. బొడ్డు చుట్టూ 14 సూదులు పొడిచే కాలం గతించింది. నేడు చేతి కండరానికి 0, 3, 7, 14, 28 రోజులలో టీకా వేస్తారు. చర్మంలోకి వేసే పద్ధతిలో ఇంకా తక్కువ రోజులు చాలు. లక్షణాలు బయటపడిన తరువాత రేబిస్‌కు మందు లేదు గనుక, తిడతారన్న భయంతో పిల్లలు గాయాన్ని దాచకుండా చూడడం పెద్దల కర్తవ్యం. గర్భిణులు పిల్లి మలాన్ని శుభ్రం చేయరాదు. ఇతరులు దానిని ప్రతిదినం తీసివేయాలి. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి మలంతో బయటపడిన తరువాత ఒకటి నుండి ఐదు రోజులకు గాని అంటుకొనే శక్తిని పొందదు.

ఇరుగుపొరుగు వారి పట్ల, పెరటి పిట్టల పట్ల కూడా మనకు బాధ్యత ఉంది. పొద్దు గూకే వేళ, తెల్లవారు జామున పిల్లికి వేట బుద్ధి అధికం. ఆ వేళలలో, రాత్రి యావత్తూ అది ఇంటిలో ఉండడమే అందరికీ క్షేమం.

జాతీయ భద్రతా మండలి ఏర్పడిన 1966 మార్చి 4వ తేదీని స్మరిస్తూ ఏటా ఆ రోజున మనం భద్రతా దినోత్సవం జరుపుకొని ప్రతిజ్ఞ చదువుతాము. ఆ ప్రతిజ్ఞ కర్మాగారపు గేటు వద్దనే ఆగిపోనవసరం లేదు. ఇంట ఒక కూనను పెంచే బాలుడు సంపు మూత ఎందుకు వేయాలో, కారు బానెట్ ఎందుకు తట్టాలో, భయపడిన ప్రాణిని ఎందుకు లాగరాదో తన అనుభవంతో గ్రహిస్తాడు. స్వేచ్ఛ ఇవ్వడమూ ఒక పనే అనీ, దానికి ముందు తనిఖీ, ఓర్పు అవసరమనీ నేర్చుకుంటాడు. తొలకరికి ముందే మన వీధులలోని మూతలూ, పలకలూ ఒకసారి చూసుకొని, లోపాలను నిర్వహణ విభాగానికి రాసి ఇవ్వవలసినదిగా తోటి ఉద్యోగులకు మా మనవి. ఈ సంవత్సరం షెడ్డులలో పుట్టబోయే కూనలలో కొన్నైనా మన ఇళ్ళకు చేరుతాయి.